కుండలీకరణములలోని ఊరు



ఆ మధ్య తుమ్మలపల్లె నుండి మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. కడప జిల్లాలో, పులివెందులకు దాపున, వేముల మండలములో ఉన్న తుమ్మలపల్లె అది. యురేనియము గని వలన నేడు ఆ పేరు దేశమంతటను వినవచ్చుచున్నది గాని, ఉత్తరము వ్రాసిన పెద్దమనిషి గనిని గూర్చి ఒక్క ముక్కయు వ్రాయలేదు. ఆయన అడిగినది వేరు. “1974లో మీవాళ్లు జీపులో యంత్రం వేసుకొని మా ఊరికి వచ్చినారు. గుడి ముందర మా నాయన జట్టు చెక్కభజన చేసింది. మీరు పట్టుకొని పోయినారు. ఒక తూరి రేడియోలో వచ్చిందని చెప్పినారు. అప్పట్లో మా ఇంట్లో రేడియో లేదు. నాయన పోయి ముప్పై ఏండ్లయింది. ఫోటో ఉంది, గొంతు లేదు. ఆ పాట ఇంకొక తూరి వేస్తారా?” అని ఆయన ప్రశ్న.

ఉత్తరముతో ఒక చీటీ నకలును జతపరచినారు. ఆనాడు వారి తండ్రిగారికి పారితోషికము చెల్లించినప్పుడు ఇచ్చిన చీటీ అది. దానిపై ఊరిపేరు టైపు చేసియున్నది: ‘తుమ్మలపల్లె (పులివెందుల)’. ఈ ప్రసంగమును పత్రికలో చదువువారికి ఆ కుండలీకరణములు కంటికి కనబడును. వినుచున్నవారికి మేము నోటితో చెప్పుకొనవలసినదే: తుమ్మలపల్లె, ఆపై ఒక వంపుగీత, అందులో పులివెందుల, మరల దానిని మూసెడి వంపుగీత. ఈ రెండు వంపుగీతలే నేటి మా ప్రసంగమునకు కారణము.

మా ధ్వని భాండాగారములోని పాత టేపుల పట్టికను కొన్ని సంవత్సరములకు పూర్వము కంప్యూటరులో ఎక్కించినాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలలో మావారు తిరిగి సేకరించిన పాటలు, భజనలు, కోలాటములు అందులో వేర్వేరు పంక్తులుగా ఉన్నవి. ఒక్కొక్క ఊరిపేరు వెంట తాలూకా పేరును కుండలీకరణములలో వ్రాయుట నాటి వాడుక. మన ఊళ్ల పేర్లు ఎరిగినవారికి అందలి అవసరము చెప్పనక్కరలేదు. తుమ్మలపల్లె యనునది, తుమ్మలపల్లి యనునది తెలుగునాట ఏ ఒక్క జిల్లాకో దఖలుపడిన పేరు కాదు. తుమ్మచెట్టు మొలచినచోట నెల్ల ఆ పేరు మొలచినది.

మా సహోద్యోగి ఒకరు ఆ చీటీలోని పేరును ఉన్నదున్నట్లుగా కంప్యూటరులో కొట్టి, వెదకుమని ఆజ్ఞాపించినారు. యంత్రము కన్ను మూసి తెరచునంతలో జవాబు చెప్పినది: లేదు. మేము అదే మాటను కార్డుపై వ్రాసి పంపితిమి. ‘తాము కోరిన ధ్వనిముద్రణ మా భాండాగారమున లేదని తెలియజేయుటకు విచారించుచున్నాము.’ ఇట్టి వాక్యములు వ్రాయుట మాకు అలవాటు. చేతివ్రాత బాగుగా ఉండును గాని, వ్రాయుటకు ముందు మరి రెండు నిమిషములు ఆలోచించు అలవాటు మాత్రము అంతగా లేదని ఒప్పుకొనవలెను.

రెండు నెలలకు మరల ఉత్తరము. “లేకుంటే చీటీ ఎట్ల ఇచ్చినారు?” అని ఒక్కటే ప్రశ్న. మరల వెదకితిమి. మరల అదే పేరు, అదే విధముగా, అవే కుండలీకరణములతో. మరల లేదు. నిజము చెప్పవలెనన్న, మాలో కొందరికి ఆ పెద్దమనిషి జ్ఞాపకముపైననే అనుమానము కలిగినది. వేరొక కేంద్రమువారు వచ్చియుందురని ఒకరు, టేపు చెరిపి మరియొక దానికి వాడియుందురని ఒకరు. పాతకాలమున టేపులను అట్లు వాడుట లేకపోలేదు. కనుక ఆ ఊహ నమ్మదగినదిగానే తోచినది. అబద్ధము నమ్మదగినదిగా ఉండుటయే కష్టము.

మూడవ ఉత్తరము వచ్చినప్పుడు, మా వద్దకు క్రొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఆ పట్టికను పైనుండి క్రిందికి వ్రేలుపెట్టి చదువుచు కూర్చున్నది. మధ్యాహ్నమునకు పేరు దొరకినది. తుమ్మలపల్లె, కుండలీకరణములలో పులివెందుల. ఒక అక్షరము ఎక్కువ లేదు, ఒక అక్షరము తక్కువ లేదు. మేము అడిగినదియు అదే, అక్కడ ఉన్నదియు అదే. అయినను యంత్రము లేదన్నది. అబద్ధమాడినదా అన్న, ఆడలేదు. మేము ఏమి అడుగుచున్నామో మాకే తెలియలేదు.

విషయమేమన, వ్రాతపనికి వాడు ఎడిటరు అను పనిముట్టులో వెదకుట రెండు తెరగులుగా ఉన్నది. ఒకటి, ఇచ్చిన మాటను ఇచ్చినట్లే వెదకుట. రెండవది, ఇచ్చిన మాటను ఒక నమూనాగా భావించి, ఆ నమూనాకు సరిపడు వానినన్నింటిని వెదకుట. రెండవ దానిని ఎన్నుకొనుటకు తెరపై ఒక చిన్న గడి యుండును. ఎవరో ఏ పనికొరకో ఆ గడిలో గుర్తు పెట్టి, తీయక విడిచిపోయినారు. నమూనా భాషలో కొన్ని గుర్తులకు స్వంత అర్థములు కలవు. వంపు కుండలీకరణములు అట్టివే. ‘ఈ రెండింటి నడుమ ఉన్నదానిని ఒక గుంపుగా తీసికొనుము’ అని వాని అర్థము. ఆ పని చెప్పిన తరువాత అవి అక్షరములుగా మిగులవు. అనగా మేము అడిగినది ‘తుమ్మలపల్లె’ తరువాత కొంత ఎడము, ఆ తరువాత వెంటనే ‘పులివెందుల’. పట్టికలోనో, ఎడమునకును పులివెందులకును నడుమ ఒక వంపుగీత కూర్చున్నది. కనుక సరిపడలేదు. లేదు.

ఇట్టి చిక్కు కంప్యూటరుతోనే పుట్టినదని శ్రోతలు అనుకొనవలదు. మన ఛందస్సును చూడుడు. ‘భ’ యనునది పద్యములో ఒక అక్షరము. లక్షణగ్రంథములో అదే ‘భ’ ఒక గణము: ఒక గురువు, రెండు లఘువులు. ‘న’ యన్న అక్షరమా, మూడు లఘువులా? సందర్భమును బట్టి మనము తెలిసికొందుము. ఆటవెలది బేసిపాదమునకు మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు అని చెప్పినప్పుడు పద్యమును చెప్పుట లేదు, పద్యమునకు నమూనా చెప్పుచున్నాము. సూర్యగణమన్న న గణమైనను కావచ్చును, గలమైనను కావచ్చును. ఇంద్రగణమన్న నగము, సలము, నలము, భ, ర, త అను ఆరింటిలో ఏదైనను సరియే. వేమన పద్యములు వేలకొలది ఆ ఒక్క నమూనాలో ఇమిడిపోవును. లఘువునకు నిలువుగీత, గురువునకు గిన్నెవంటి గుర్తు పెట్టి బల్లపై పద్యపాదమును విడదీసిన విద్యార్థికి నమూనా భాష క్రొత్తది కాదు. తేడా ఒక్కటే. ‘భ’ను చూడగానే అది అక్షరమా గణమా అని బడిపిల్లవాడు ఊహింపగలడు. యంత్రము ఊహింపదు. దానికి ముందుగా ఒక నియమము చెప్పియుంచవలెను.

ఆ నియమమును ఏర్పరచినవారిని గూర్చి రెండు మాటలు. 1943లో మెకల్లక్, పిట్స్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు నాడీకణముల పనిని గణితరూపమున వర్ణించినారు. దానిని చదివిన స్టీఫెన్ క్లేనీ అను తర్కశాస్త్రవేత్త 1951లో ర్యాండ్ సంస్థకొరకు ఒక పత్రము వ్రాసి, ఒక యంత్రము గుర్తింపగల వరుసలను చిన్న చిన్న గుర్తులతో ఎట్లు వ్రాయవచ్చునో చూపినాడు. ‘మరల మరల’ అను అర్థమిచ్చు నక్షత్రపు గుర్తునకు నేటికిని ఆయన పేరే. కెన్ టాంప్సన్ ఈ గణితమును ఎడిటరులోనికి తెచ్చి, 1968లో ఆ పద్ధతిని ప్రకటించినాడు. ఆ తరువాత ఆయన సహోద్యోగి లీ మెక్‌మహోన్‌కు ఒక పని పడినది. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787, 1788 సంవత్సరములలో మారుపేరుతో వెలువడిన 85 వ్యాసములలో ఏవి ఎవరు వ్రాసినవో పదముల వాడుకను బట్టి తేల్చవలెనని ఆయన కోరిక. అంత పెద్ద పాఠము నాటి ఎడిటరులో పట్టలేదు. వెదకు భాగమును మాత్రము విడదీసి టాంప్సన్ ఒక వేరు పనిముట్టు చేసి యిచ్చినాడు. ‘గ్రెప్’ అను దాని పేరు, సర్వత్రా ఈ నమూనాను వెదకి అచ్చువేయుమని చెప్పు ఎడిటరు ఆజ్ఞలోని పొడి అక్షరముల కూర్పు. 1973 నాటికే అది యూనిక్స్ అను వ్యవస్థలో చేరినది. పాతపాఠములో ఎవరి గొంతు ఎక్కడ ఉన్నదో తెలిసికొనవలెనన్న కోరికయే ఆ పనిముట్టును పుట్టించినదన్నమాట. తుమ్మలపల్లె పెద్దమనిషి అడిగినదానికి అది మరీ దూరపు చుట్టరికము కాదు.

ఇచ్చట మా ఇంట జరిగిన చిన్న తగవు ఒకటి చెప్పవలెను. మా సాంకేతిక శాఖలో ఒక పెద్దాయన, ‘కుండలీకరణముల వలన దోషము రాదు, నేను ఎన్నో ఏండ్లుగా వెదకుచున్నాను’ అని పట్టుపట్టినారు. పట్టిక చదివిన అమ్మాయి, ‘తప్పక వచ్చును’ అన్నది. పరీక్షింపగా ఇద్దరిదియు నిజమే అయినది. గ్రెప్ వంటి పాత పనిముట్లలో ఒంటిగా వ్రాసిన వంపుగీత కేవలము వంపుగీతయే. ముందు వెనుకకు వాలిన గీత పెట్టిననే అది గుంపు గుర్తగును. తరువాత వచ్చిన పనిముట్లలో సరిగా దానికి తలక్రిందు: ఒంటిగా ఉన్నది గుంపు గుర్తు, వాలుగీత పెట్టిన మామూలు అక్షరము. ఒకే గుర్తునకు రెండు ఇండ్లలో రెండు మర్యాదలు. ఇట్టి వ్యవస్థను కల్పించినవారిని మేము మెచ్చుకొనజాలము.

ఇక తక్కిన గుర్తులు. అన్నింటిలో అమాయకముగా కనబడి అన్నింటికన్న ప్రమాదకరమైనది చుక్క. వాక్యాంతమున మనము పెట్టు చుక్కయే. నమూనా భాషలో చుక్కకు ‘ఏదైనను ఒక్క అక్షరము’ అని అర్థము. ఒకప్పుడు గ్రామసీమల కార్యక్రమములకై తయారైన వ్రాతప్రతులలో రూకొమ్ముదీర్ఘము, చుక్క అని సంక్షేపముగా వ్రాసిన చోట్లనెల్ల ‘రూపాయలు’ అని పూర్తిగా పెట్టవలెనని సంకల్పించినాము, చదువువారు తడబడకుండుటకు. మొదటి నాలుగైదు చోట్ల సరిగా మారినది. సంతోషించి, అన్నింటిని ఒక్కసారిగా మార్చుమని ఆజ్ఞ యిచ్చితిమి. మరునాడు ప్రసారమునకు ముందు ప్రతిని చూచుకొన్న వ్యాఖ్యాత పరుగున వచ్చినారు. ‘భగవత్స్వరూపము’ అనవలసినచోట ‘భగవత్స్వరూపాయలుము’ అని యున్నది. ‘పేరూ ఊరూ తెలియని’ అనునది ‘పేరూపాయలుఊరూపాయలుతెలియని’ అయి కూర్చున్నది. ‘రూ’ తరువాత ప యున్నను, ఖాళీ యున్నను, చుక్కకు అంతయు సమానమే. ఆనాడు నవ్వుకొంటిమి. పాత ప్రతి ఒకటి వేరుగా ఉండుటచే నవ్వగలిగితిమి.

నక్షత్రపు గుర్తు సంగతి వేరు. ఫైళ్ల పేర్లు వెదకునప్పుడు నక్షత్రమునకు ‘ఏమున్నను సరే’ అని అర్థము. ఆ అలవాటుతో మావారొకరు తుమ్మల అని వ్రాసి ప్రక్కన నక్షత్రము పెట్టినారు. తుమ్మలతో మొదలగు ఊళ్లన్నియు వచ్చునని ఆశ. నమూనా భాషలో నక్షత్రమునకు ‘నాకు ముందున్నది ఎన్నిసార్లయినను, అసలు లేకపోయినను’ అని అర్థము. కనుక ‘ల’ లేకపోయినను ఫరవాలేదు. అప్పుడు మిగిలినది ‘తుమ్మ’. ఆ తుమ్మ ఎక్కడెక్కడ నున్నదో అన్నియు వచ్చి పడినవి. మా జానపద పట్టికలో తుమ్మెద పదములెన్ని ఉన్నవో ఆనాడు తెలిసినది. ఊరి కొరకు పోయి తుమ్మెదల పుట్టలో చేయి పెట్టితిమి. ఆరోగ్య కార్యక్రమములో తుమ్ములను గూర్చిన ప్రసంగము ఒకటి, వానితోపాటు వచ్చినది.

టోపీవంటి గుర్తు పంక్తి మొదలును, డాలరు గుర్తు పంక్తి చివరను తెలుపును. డబ్బుతో దానికి సంబంధము లేదు. చదరపు కుండలీకరణములలో ఏ అక్షరములు పెట్టిన వానిలో ఏదో ఒకటి అని అర్థము, మన ఇంద్రగణము వలె. అదే టోపీ గుర్తును చదరములో మొదట పెట్టిన, ‘ఇవి కాక మరేదైనను’ అని అర్థము మారిపోవును. ప్రశ్నార్థకము, తనకు ముందున్నది ఉండవచ్చును, లేకపోవచ్చును అని చెప్పును. వీనిలో దేనినైనను మామూలు గుర్తుగా వెదకవలెనన్న, దాని ముందు వెనుకకు వాలిన గీతను ఉంచవలెను. ‘దీని బిరుదు తీసివేసి, ఉట్టి మనిషిగా చూడుము’ అని ఆ గీత యంత్రమునకు చెప్పును. ఆ గీతయే కావలసినచో, గీత ముందు గీత. తుమ్మలపల్లె తరువాత రెండు కుండలీకరణముల ముందును రెండు వాలుగీతలు పెట్టియున్న, మొదటి ఉత్తరము వచ్చిన రోజుననే మాకు టేపు దొరకెడిది. లేదా గడిలోని గుర్తు తీసివేసినను సరిపోయెడిది. ఆ ఉపాయము మరింత సులువు. అందుచేతనే ఎవరికిని తోచలేదు.

ఇంతవరకు చెప్పినది ఏ భాషకైనను వర్తించును. తెలుగులో వెదకువారికి మరికొన్ని చిక్కులు కలవు. వీనిని గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలెను. ఆంగ్లములో వ్రాసిన సహాయపుస్తకములు వీనిని సాధారణముగా తడవవు.

కంప్యూటరు తెలుగును దాచుకొను యూనికోడ్ అను ఏర్పాటులో మన లిపికి 128 గదులు కేటాయించినారు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, ఇవన్నియు వేర్వేరు గదులలో నుండును. ‘స్త్రీ’ అని మనము వ్రాసినది కంటికి ఒక్క అక్షరము, నోటికి ఒక్క మాత్రాకూటమి. యంత్రమునకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఆపై గుడిదీర్ఘము. కనుక ఏదైనను ఒక్క అక్షరమని మనము చుక్క పెట్టిన, అది స్త్రీలో ఆరవ వంతును మాత్రమే పట్టుకొనును. మూడక్షరముల పేర్లన్నింటిని ఏరుదమని మూడు చుక్కలు పెట్టి మొదలును, చివరను బిగించిన, ‘కడప’ దొరకును గాని ‘కర్నూలు’ దొరకదు. కడపలో మూడే గదులు, కర్నూలులో ఏడు. మరి కొన్ని పనిముట్లలో మాట యొక్క అంచును తెలుపు గుర్తు ఉన్నది. వానిలో కొన్ని మన గుణింతపు గుర్తులను అక్షరజాతిలో చేర్చనందున, ‘తుమ్మల’ లోని త దాటగానే మాట ముగిసినదనుకొనును. కొమ్మును కొమ్మగా చూడక చెట్టునకు అంటిన బురదగా చూచుట వంటిది ఇది.

కనబడని గుర్తు ఒకటి కలదు. ఆకాశవాణి స్టేషన్‌లో అని వ్రాయునప్పుడు ‘న్’ పొల్లుగా నిలిచి, ‘లో’ దానికి వత్తుగా అతుకుకొనకుండ వలెనన్న, నడుమ వెడల్పు లేని ఒక అడ్డుగోడ ఉంచవలెను. తెరపై అది కానరాదు, అచ్చులో కానరాదు. వెదకు మాటలో అది లేక, పట్టికలో ఉన్నయెడల యంత్రము మరల లేదనియే అనును. కన్నులు చిట్లించి చూచినను మనకు రెండు మాటలు ఒక్కటిగానే కనబడును.

ఇక మన వ్రాతలోనే ఉన్న వైవిధ్యము. మా పట్టికను టైపు చేసినవారు నలుగురైదుగురు. ఒక్కొక్కరిది ఒక్కొక్క బడి. ‘ఎర్రగుంట్ల’ను ఒకరు మామూలు రేఫతో వ్రాసినారు, శకటరేఫ నేర్చిన మరియొకరు ‘ఎఱ్ఱగుంట్ల’ యని వ్రాసినారు. ప్రొద్దుటూరును క్రారవడితో కొందరు, లేక ‘పొద్దుటూరు’గా కొందరు. ‘వాఁడు’ అని అరసున్న పెట్టిన పండితుడును ఉన్నాడు. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రౌను దొర కడపలోని తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి వేమన పద్యముల పాఠములను సరిచూపించినప్పుడు, వ్రాయసకాండ్రు రెండు రేఫలను కలగాపులగము చేసిరని ఆ పండితులకు బెంగ యుండదు. చూడగానే ఒకే మాటయని తెలిసికొందురు. ఇచ్చట నమూనాకు మంచి పని దొరకును. చదరపు కుండలీకరణములలో రెండు రేఫలను ఉంచిన రెండు వ్రాతలును దొరకును. అరసున్న తరువాత ప్రశ్నార్థకము పెట్టిన, అది ఉన్నను లేకున్నను సరే. కుండలీకరణములు మమ్ము ముంచినవని చెప్పుచునే యున్నాము గాని, ప్రొద్దుటూరు విషయమున మమ్ము కాపాడినదియు అవే: పొల్లును, రేఫను కలిపి వంపుగీతలలో గుంపు చేసి, ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టగా, రెండు ఊళ్లుగా కనబడిన ప్రొద్దుటూరు ఒక్క ఊరైనది.

ఈ రేనాటి సీమకే చెందిన మరొక అక్షరముమాట. తొలి తెలుగు శాసనములు దొరకినది ఈ చుట్టుప్రక్కలనే; ఎర్రగుంట్ల దాపున ఉన్న కలమళ్ల శాసనము క్రీస్తుశకము 575 ప్రాంతమునాటిదని పండితులు చెప్పుదురు. ప్రాచీన శాసనములలో కనబడి, తరువాత వాడుకలో నుండి జారిపోయిన ‘ఴ’ అను అక్షరము ఒకటి కలదు. దానికి యూనికోడ్‌లో గది దొరకినది 2014లో. అంతకు ముందు ఆ శాసనములను కంప్యూటరులో ఎక్కించినవారు ఏదో ఒక బదులు గుర్తుతో సరిపెట్టుకొనవలసినదే. గదియే లేని అక్షరమును ఏ నమూనాతో వెదకుదురు?

తుమ్మలపల్లెకు మరల వత్తము. తప్పు తెలిసిన పిమ్మట మేము అత్యుత్సాహముతో, చివరి ఎత్వము స్థానమున చదరపు కుండలీకరణములు పెట్టి ఎత్వమును గుడిని రెండింటిని అందులో ఉంచి, పల్లె, పల్లి రెండును రావలెనని వెదకితిమి. వచ్చినవి. వానితోపాటు బెజవాడలోని తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రమున జరిగిన సంగీత సభలన్నియు బారులు తీరి వచ్చినవి. అక్కడ తుమ్మలపల్లి ఇంటిపేరు, ఊరు కాదు. వల పెద్దదైన కొలది చేపలతోపాటు నాచును వచ్చును. అప్పుడు వాలుగీత పెట్టిన కుండలీకరణములను చివర చేర్చినాము. ఏ కుండలీకరణములు మొదట మా కన్ను కప్పినవో అవియే ఇప్పుడు ఊరును ఇంటిపేరు నుండి వేరు చేసినవి. పాతవారు వానిని పెట్టినదే అందుకొరకు గదా.

టేపు దొరకినది. డబ్బాపై చీటీ ఊడిపోయినది గాని సంఖ్య చెక్కుచెదరలేదు. మొదటి భాగమున గాలి హోరు, ఎవరో పిల్లవాడు మైకు వద్దకు వచ్చి అరచుట, పెద్దవారు వానిని గదుముట. తరువాత చెక్కల సవ్వడి. ఆరు నిమిషముల కన్న ఎక్కువ లేదు. ముందుగా తేదీని తెలిపి, ఒక సాయంత్రము జానపద సంగీత కార్యక్రమములో ప్రసారము చేసినాము.

నాలుగవ ఉత్తరము వచ్చినది. కృతజ్ఞత తెలిపినారు గాని, అది ఒక్క పంక్తి. తక్కినదంతయు ఆ ఆరు నిమిషములను గూర్చి. ‘రెండో చరణం కాడ దగ్గింది మా నాయనే. అరిచిన పిల్లోడు మా తమ్ముడు. వాడు ఇప్పుడు లేడు.’ తమ్ముని గొంతు ఆ టేపులో ఉన్నదని వారికిని అంతవరకు తెలియదు. మేము లేదని రెండుసార్లు కార్డు వ్రాసిన టేపు అది.

ఆ ఉత్తరము చదివిన రోజున మా గుమాస్తా బీరువానుండి ఒక కట్ట తీసి బల్లపై పెట్టినాడు. పట్టిక కంప్యూటరులో ఎక్కిన నాటినుండి ‘లేదు’ అని జవాబిచ్చిన ఉత్తరముల నకళ్లు అవి. ఆ గడిలో గుర్తు ఏ నాడు పడినదో చెప్పగలవారు మాలో ఎవరును లేరు. కనుక ఆ కట్టనంతను మొదటినుండి మరల వెదకుచున్నాము. యంత్రముతో ఒకసారి, వ్రేలుతో ఒకసారి. ఇప్పటికి జమ్మలమడుగు వైపు ఉత్తరములు ముగిసినవి. ప్రొద్దుటూరు వైపు నడచుచున్నవి.

మా వద్దనుండి అట్టి కార్డు అందుకొన్న శ్రోతలు ఎవరైనను ఉన్నయెడల, దయయుంచి మరల వ్రాయవలెనని మా మనవి. ఊరిపేరును మీ ఊరివారు పలుకునట్లే వ్రాయుడు. పాత తాలూకా పేరు, నేటి మండలము పేరు రెండును తెలుపుడు. ఆనాటి చీటీ, రసీదు, కార్డు ఏదియున్నను దాని నకలు పంపుడు. కుండలీకరణములు ఉన్నచో ఉండనిండు. ఇప్పుడు వానిని ఎట్లు చదువవలెనో మాకు తెలిసినది.